గడ్డకట్టిన చెరువూ, నాన్న బిందెడు నీళ్ళూ

మొన్న శనివారం మధ్యాహ్నం ఇక్కడ మైనస్ 17. ఒంటి మీద స్విమ్‌సూట్, నెత్తిన ఉన్ని టోపీ, కాళ్ళకీ చేతులకీ నల్లటి రబ్బరు సాక్సులూ గ్లోవ్సూ. ఈ వేషంలో సరస్సులోకి కట్టిన చెక్క వంతెన మీద వరసలో నిలబడి ఉన్నాను. నా ముందు ఇద్దరున్నారు, వాళ్ళు దిగి పైకొచ్చేదాకా ఆగాలి. నా వంతు వచ్చింది, దిగాను, ఒక నిమిషం ఉండి పైకొచ్చి చూస్తే కొక్కేనికి తగిలించిన తడి తువ్వాలు అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. తీసి నేల మీద నిలబెడితే నిలబడింది. ఆ నిలబడ్డ తువ్వాలుని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అదీ నేను చేసిన తప్పు.

పది నిమిషాల్లో నాన్న ఫోన్. ఆయన ఇప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నారు, కాబట్టి ఈ 41 రోజులూ ఆయన నాన్న కాదు, స్వామి. నేను కూతుర్ని కాదు, మాతని.

“ఏం మాతా, నువ్వు గడ్డకట్టిన చెరువులో దిగొచ్చు గానీ నేను బిందెడు చన్నీళ్ళు పోసుకోకూడదా?”

ఆయన కోపానికి కారణం ఉంది. ఆయనకి 66 ఏళ్ళు, చాలా ఏళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి పెరట్లో నిలబడి, రాత్రంతా మంచులో ఉన్న తొట్టి నీళ్ళు నెత్తి మీద గుమ్మరించుకుంటున్నారని అమ్మ చెబితే, రెండు వారాల క్రితం నేనే ఫోన్ చేసి గంటసేపు క్లాసు పీకాను. గుండె అన్నాను, రక్తనాళాలు అన్నాను, ఈ వయసులో ఎందుకొచ్చిన పంతం స్వామీ అన్నాను. అంత క్లాసు పీకిన మనిషి ఐసు నీళ్ళలో దిగి ఫోటో పెడితే ఏ తండ్రి ఊరుకుంటాడు?

అప్పటికి నోటికొచ్చిందేదో చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. మూడు చలికాలాలుగా ఈ చన్నీళ్ళ వ్యవహారంలో నాకు తెలిసొచ్చిందేంటో ఒకచోట రాసి చూసుకుందామని ఇలా కూర్చున్నాను.

నేనుండేది ఫిన్లాండ్‌లోని తాంపెరేలో. రెండు పెద్ద సరస్సుల మధ్య ఇరుక్కున్న ఊరు. ఉత్తరం వైపున్న సరస్సు పేరు న్యాసియార్వి, దాని ఒడ్డున రౌహనియేమి అని ఒక పబ్లిక్ సౌనా, అంటే అందరూ కూర్చుని వేడికి చెమటలు పట్టించుకునే ఆవిరిగది, ఉంది, 1929 నుంచీ ఉంది. డిసెంబర్‌లో ఇక్కడ తొమ్మిదిన్నర దాటితే గానీ తెల్లారదు, మూడు కొట్టేసరికి మళ్ళీ చీకటి. వచ్చిన మొదటి రెండేళ్ళూ చీకట్లో ఆఫీసుకి వెళ్ళి, చీకట్లో ఇంటికొచ్చి, విటమిన్ డి బిళ్ళలు మింగి, శని ఆదివారాలు దుప్పట్లో దూరి ఏదో ఒక సిరీస్ చూస్తూ గడిపేశాను. మూడో ఏడు ఆఫీసులో నా పక్క సీటావిడ, “అవంతోకి వస్తావా?” అంది. గడ్డకట్టిన సరస్సులో చేసిన గొయ్యిని అవంతో అంటారు. నా చెవికి మాత్రం అవాంతరం అని వినిపించింది. పెద్ద తేడా లేదని తర్వాత తెలిసింది.

ఆ గొయ్యి ఎలా ఉంటుందంటే, జనవరి దాటాక సరస్సంతా తెల్లటి మైదానమైపోతుంది, దాని మీద జనం కుక్కల్ని తిప్పుకుంటారు, స్కీలు వేసుకుని జారుకుంటూ పోతారు, వాటి మధ్య వంతెన చివర ఒక్కచోట నల్లటి నీళ్ళు. అది మళ్ళీ గడ్డకట్టకుండా పంపు పెట్టి నీటిని కదుపుతూనే ఉంటారు. దిగడానికి మెట్లు, పట్టుకోడానికి కడ్డీ. తడి చెయ్యి చల్లటి ఇనుముకి అంటుకుపోతుంది కాబట్టి గ్లోవ్స్ వేసుకుంటారు. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, అవి అడుక్కి చేరతాయి, చేపలు హాయిగా అక్కడ బతికేస్తాయి. మనం దిగేది పైన, సున్నాకి కాస్త పైన ఉన్న నీళ్ళలో. చేపకున్న సుఖం మనకి లేదు.

బట్టల సంగతి చెప్పకుండా ముందుకెళ్ళలేను, ఎందుకంటే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న చలి గురించి కాదు, “ఒంటి మీద ఏం వేసుకున్నావే?” అని. రౌహనియేమిలో ఆడా మగా అందరికీ ఒకే సౌనా, అందరూ స్విమ్‌సూట్లలోనే కూర్చుంటారు. మొదటిసారి నేను మోకాళ్ళు దాటే లెగ్గింగ్స్, పైన పొడుగు చేతుల టీషర్టు వేసుకుని వెళ్ళాను. నీళ్ళలో ఉన్నంతసేపూ ఏం కాలేదు. పైకొచ్చి సౌనా తలుపు దాకా నడిచే ఆ ముప్ఫై అడుగుల్లో లెగ్గింగ్స్ గట్టిపడి, మోకాలు వంచినప్పుడల్లా కరకరమని చప్పుడు. పిండి ఆరబెట్టిన గంజి చీర కట్టుకున్నట్టు నడిచాను. ఆ పూట నన్ను చూసి నవ్విన ముసలాయన ఒక్కడే, అతను కూడా నా బట్టల్ని చూసి కాదు, నా నడక చూసి. వచ్చే వారానికి మామూలు స్విమ్‌సూట్ కొనుక్కున్నాను. ఎవరూ ఎవరినీ చూడరు, నిజంగా, ఆ చలిలో ఎవరి గోల వాళ్ళది. అమ్మకి మాత్రం ఇప్పటికీ ‘ఫుల్ డ్రెస్సే’ అని చెబుతున్నాను.

సౌనా లోపల 80, 90 డిగ్రీలుంటుంది. కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఒక్కసారి ఆవిరి లేస్తుంది, దానికి వీళ్ళు లోయ్లు అని ఒక పేరే పెట్టుకున్నారు. 55 లక్షల మంది ఉన్న దేశంలో దాదాపు 30 లక్షల సౌనాలున్నాయంటారు, 2020లో ఈ సౌనా సంస్కృతి యునెస్కో వాళ్ళ సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా ఎక్కింది. ఆ వేడిలో కూర్చుని కూర్చుని, ఇక ఒక్క క్షణం ఉంటే ఉడికిపోతాననిపించినప్పుడు బయటికి పరిగెత్తి నీళ్ళలో దిగడం నాలాంటి వాళ్ళు చేసే పని. పాతకాపులు కొందరున్నారు, వాళ్ళు సౌనా సంగతి తర్వాత అన్నట్టు ఇంటి నుంచి వచ్చీ రాగానే సరాసరి నీళ్ళలోకి పోతారు. డెబ్బై దాటిన ఆడవాళ్ళు కూరగాయల మార్కెట్లో నిలబడి మాట్లాడుకున్నట్టు మెడ దాకా నీళ్ళలో ఉండి కబుర్లు చెప్పుకుంటారు. వాళ్ళని చూసి ఇదేం పెద్ద కష్టం కాదులే అనుకుంటే అయిపోయామే.

మొదటిసారి నడుం దాకా దిగాను, అంతే. ఊపిరి లోపలికి పోయింది గానీ బయటికి రావడం మర్చిపోయింది. చలి అనిపించలేదు, అది విచిత్రం. కాల్చినట్టు అనిపించింది. వంద సూదులు కాదు, ఒకటే పెద్ద చెంపదెబ్బ, ఒళ్ళంతటికీ కలిపి. గుండె చెవుల్లో వినపడింది. నాలుగు సెకన్లో ఐదు సెకన్లో ఉండి మెట్లెక్కేశాను. పైన మైనస్ ఆరో ఏడో ఉంది, ఒంటి మీద నీళ్ళు కారుతున్నాయి, కానీ చలి లేదు! ఒళ్ళంతా ఎర్రగా, పొయ్యి దగ్గర కూర్చున్నంత వెచ్చగా ఉంది, ఉత్త పుణ్యానికి నవ్వొస్తోంది. ఆ వెచ్చదనం, ఆ నవ్వు, వాటి కోసమే మళ్ళీ వెళ్ళాను, ఇప్పటికీ వెళుతున్నాను. ఆరోగ్యం కోసం అని ఎవరైనా అడిగితే చెబుతాను గానీ అది అబద్ధం.

ఆ మొదటి దెబ్బకి కోల్డ్ షాక్ అని పేరు. చర్మం ఉన్నట్టుండి చల్లబడగానే మన ప్రమేయం లేకుండా ఒక పెద్ద ఊపిరి లోపలికి పీలుస్తాం, ఆ తర్వాత కుక్క రొప్పినట్టు రొప్పుతాం, గుండె వేగం, బీపీ రెండూ ఒక్కసారిగా ఎగుస్తాయి. మొదటి అరనిమిషం దీని ఉధృతి, రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇంగ్లాండ్‌లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో మైక్ టిప్టన్ అనే ప్రొఫెసర్ దశాబ్దాల తరబడి దీని మీదే పనిచేశారు. చన్నీళ్ళలో పడి చనిపోయేవాళ్ళలో చాలామంది ఒళ్ళు చల్లబడి పోరు, అంతకంటే చాలా ముందే, ఆ మొదటి నిమిషంలోనే, తల నీళ్ళలో ఉండగా ఆ పెద్ద ఊపిరి పీల్చేసి పోతారు. నాకు ఇది చదివి తెలిసింది కాదు. జరిగాక చదివాను.

ఆ జరిగిందేంటంటే, మొదటి చలికాలమే, ఆరోసారో ఏడోసారో వెళ్ళినప్పుడు. అప్పటికి ఒక నిమిషం దాకా ఉండగలుగుతున్నాను, కాస్త గర్వం కూడా వచ్చింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. ఇంట్లో అందరూ గోదాట్లో స్నానాలు చేసి ఫోటోలు పెట్టారు, నాకు ఇల్లు గుర్తొచ్చింది, నవంబర్ చివర కాబట్టి ఒడ్డున పలుచగా మంచు కట్టింది, నీళ్ళు రెండు డిగ్రీలని బోర్డు మీద రాసి ఉంది. నేనూ మూడు మునకలు వేస్తానని టోపీ తీసి వంతెన మీద పెట్టాను. ఒకటి, రెండు, మూడు, టకటకా. మొదటి మునకకే నుదుట్లో మేకు దిగ్గొట్టినట్టయింది. మూడోది వేసి పైకొస్తూ, తల ఇంకా పూర్తిగా బయటికి రాకముందే ఊపిరి పీల్చాను. నీళ్ళు పోయాయి. దగ్గు. కళ్ళు తెరిచి చూస్తే మెట్లు ఏ పక్కనున్నాయో తెలియలేదు, చేతికి ఏదీ దొరకలేదు. అంతా కలిపి పది సెకన్లు ఉంటుందేమో.

వరసలో నిలబడ్డ ఒక పెద్దావిడ వంగి నా మణికట్టు పట్టుకుంది. లాగలేదు. ఊరికే పట్టుకుని నా మొహంలోకి చూస్తూ, “హెంగితా ఉలోస్” అంది, మళ్ళీ అంది. ఊపిరి బయటికి వదులు అని. పీల్చు అనలేదు, వదులు అంది. పసిపిల్ల పాయసం మీద ఊదినట్టు ఆవిడే పెదాలు సున్నాలా చుట్టి ఊది చూపించింది. నేనూ ఊదాను. రెండోసారికి దగ్గు ఆగింది, మెట్టు కనిపించింది, ఎక్కాను. ఆవిడ నా టోపీ తీసి నా నెత్తిన పెట్టి, ఏం జరగనట్టు తన వంతుకి దిగిపోయింది. నన్ను తిట్టను కూడా లేదు. తిడితే బావుండేది.

వాళ్ళెవరూ తల ఎందుకు ముంచరో అప్పటికి గానీ అడగాలని తోచలేదు. ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడితే గుండె పరుగెత్తమంటుంది. మొహం నీళ్ళలో పెట్టి ఊపిరి బిగబడితే గుండె నెమ్మదించమంటుంది. జోడెడ్లలో ఒకటి ముందుకీ ఇంకోటి వెనక్కీ లాగినట్టు, రెండు సంకేతాలూ ఒకేసారి వచ్చినప్పుడు గుండె లయ తప్పే అవకాశం ఉందని టిప్టన్ ఇంకొకరితో కలిసి 2012లో రాశారు. వయసులో ఉండి గుండె బాగున్నవాళ్ళకి చాలాసార్లు ఏం కాదు. గుండెలో ముందే ఏదైనా ఉంటే, ఉందని తెలియకపోతే, అప్పుడు సంగతి వేరు. నాన్న విషయంలో నా భయమంతా ఇక్కడే మొదలైంది, ఐసు గోతిలో నాకు తగిలిన దెబ్బతో.

దీనికి మందు కూడా అదే నీళ్ళలో ఉంది, అది ఇంకో వింత. చిన్న చిన్న మునకలు ఐదారు వేస్తే చాలు, ఆ మొదటి దెబ్బ దాదాపు సగానికి తగ్గిపోతుంది, ఆ అలవాటు నెలల తరబడి నిలుస్తుంది. అందుకే ఇక్కడి వాళ్ళు కొత్తవాళ్ళకి ఒకటే చెబుతారు, ఎండాకాలంలో ఈత మొదలుపెట్టు, ఆపకు. ఆగస్టులో దిగినవాడు సెప్టెంబర్‌లో, అక్టోబర్‌లో వారానికోసారి దిగుతూ పోతే, నీళ్ళు చల్లబడేకొద్దీ ఒళ్ళూ సర్దుకుంటుంది, డిసెంబర్ వచ్చినట్టే తెలియదు. తెలియదు అంటే తెలుస్తుంది, చస్తాం అనిపించదు. రీల్ చూసి జనవరిలో సరాసరి గోతిలో దూకే టూరిస్టు కుర్రాళ్ళని చూస్తే మాత్రం నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది, మొదట్లో నేను చేసింది అంతకంటే తెలివైన పనేం కాకపోయినా.

కెనడాలో మానిటోబా యూనివర్సిటీకి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆయన 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. ఐసు నీళ్ళలో పడితే ఊపిరి అదుపులోకి తెచ్చుకోడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పేది దాదాపు గంటకి. అంటే చలికి చచ్చిపోతామన్న భయంతో మొదటి నిమిషం గిలగిల కొట్టుకోవద్దు, చలికి చాలా టైముంది, ముందు ఊపిరి చూసుకో అని. పడిపోయినవాళ్ళ కోసం చెప్పిన మాట ఇది, కావాలని దిగేవాళ్ళకి లైసెన్సు కాదు. నేను నిమిషంన్నర దాటను. ఒకసారి దాటాను.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో బెంగుళూరు నుంచి స్నేహితురాలొచ్చింది, ఒడ్డున వీడియో తీస్తోంది, ఆ వీడియో కోసం నాలుగు నిమిషాలున్నాను. నీళ్ళలో బాగానే ఉంది, నొప్పి కూడా పోయింది, అలా నొప్పి పోవడం మంచి గుర్తు కాదని అప్పుడు తెలియదు. పైకొచ్చి బట్టలు మార్చుకున్నాను, సౌనా కిక్కిరిసి ఉందని వెళ్ళలేదు, బస్టాపుకి నడిచాం. పావుగంట తర్వాత, బస్టాపులో, ఒణుకు మొదలైంది. మామూలు ఒణుకు కాదు, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నాలుక కరుచుకున్నాను, జిప్పు పైకి లాగుదామంటే వేళ్ళు నావి కానట్టున్నాయి, బస్ కార్డు మూడుసార్లు కింద పడింది. నీళ్ళ నుంచి బయటికొచ్చాక కూడా కాసేపటిదాకా లోపలి వేడి తగ్గుతూనే పోతుంది, చేతులూ కాళ్ళలో చల్లబడ్డ రక్తం మళ్ళీ లోపలికి తిరగడం దానికొక కారణం. గాలి కంటే నీళ్ళు ఒంటి వేడిని పాతిక రెట్లు వేగంగా లాక్కుంటాయి, ఒక నిమిషం ఎక్కువ ఉంటే ఏమవుతుందిలే అనడానికి లేదు. అప్పట్నుంచీ ఫ్లాస్కులో అల్లం టీ, బటన్లూ జిప్పులూ లేని వదులు బట్టలు, పక్కన ఒక మనిషి, ఇవి లేకుండా వెళ్ళను. ఒంటరిగా అసలే వెళ్ళను.

ఇక లాభాల సంగతి. మా కజిన్ హైదరాబాద్‌లో జిమ్‌లో ఐసు తొట్టిలో కూర్చుని, మనసుకి హుషారునిచ్చే డోపమైన్ అనే రసాయనం 250 శాతం పెరుగుతుందక్కా అని మెసేజ్ పెట్టాడు. ఆ అంకె ఎక్కడిదో వెతికాను. 2000లో చెక్ పరిశోధకులు అచ్చువేసిన పేపర్‌లోది. అందులో కుర్రాళ్ళని 14 డిగ్రీల నీళ్ళలో మెడ దాకా ఒక గంట కూర్చోబెట్టారు. ఒక గంట! మావాడు కూర్చునేది రెండు నిమిషాలు, అందులో ఒక నిమిషం సెల్ఫీకి. నెదర్లాండ్స్‌లో మూడు వేల మందికి పైగా తీసుకుని, వాళ్ళలో చాలామందిని రోజూ స్నానం చివర్లో చన్నీళ్ళ కింద నిలబెట్టి, మిగతావాళ్ళతో పోల్చి చూసిన ఇంకో పరిశోధన 2016లో వచ్చింది. చన్నీళ్ళ కింద నిలబడ్డవాళ్ళు ఆఫీసుకి పెట్టిన సిక్ లీవులు 29 శాతం తగ్గాయి, జబ్బుపడ్డ రోజులు మాత్రం తగ్గలేదు. అంటే జలుబు వచ్చింది, దానితోనే ఆఫీసుకి వెళ్ళారు. ఇది నాకు చాలా నచ్చిన ఫలితం, ఎందుకంటే నాకూ సరిగ్గా అదే అయింది. జలుబు చేయడం మానలేదు, దుప్పట్లో దూరడం మానింది. బరువులెత్తి కండలు పెంచేవాళ్ళయితే ఎక్సర్‌సైజ్ అవ్వగానే ఐసులో కూర్చుంటే పెరగాల్సిన కండ తగ్గుతుందని కూడా పరిశోధనలున్నాయి, మావాడికి పంపాను, బ్లూ టిక్ పడింది, జవాబు లేదు.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ తికమక పెట్టింది మా మామ్మ.

మాది కోనసీమ. చిన్నప్పుడు కార్తీకమాసం నెలంతా మామ్మ నన్ను ఇంకా చీకటుండగానే లేపి కాలవ రేవుకి తీసుకెళ్ళేది. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదలడం ఇష్టం కాబట్టి వెళ్ళేదాన్ని, స్నానం అంటే ఏడుపు. నీళ్ళ మీద పొగలా ఆవిరి లేస్తుండేది. “నీళ్ళు వెచ్చగానే ఉంటాయే, గాలే చలి” అనేది. అక్కడ అది నిజమే, తెల్లవారుజామున కాలవ నీళ్ళు గాలి కంటే వెచ్చగా ఉంటాయి. ఇక్కడ మైనస్ 17లో అవంతో మీద కూడా అచ్చం అలాగే పొగ లేస్తుంది, లెక్కకి నీళ్ళే 17 డిగ్రీలు వెచ్చన, కానీ మామ్మ మాట ఇక్కడ చెల్లదు. రేవులో మామ్మ ఎప్పుడూ నన్ను ఒక్కసారి దిగనిచ్చేది కాదు. ముందు పాదాల మీద నీళ్ళు, తర్వాత మోకాళ్ళు, చేతులు, మెడ వెనక తడి చెయ్యి, అప్పుడు నడుం దాకా దిగాలి. అక్కడ నిలబెట్టి గోవిందా అనిపించేది. మామూలుగా కాదు, “గోవిందా… ఆ… ఆ…” అని ఊపిరి అయిపోయేదాకా లాగాలి. అది అయ్యాకే మునక.

మణికట్టు పట్టుకున్న పెద్దావిడ నాకు చెప్పిందీ అదే కదా. ఊపిరి బయటికి వదులుతూ ఎవరూ నీళ్ళు పీల్చలేరు. శరణుఘోష చెబుతూ నెత్తిన నీళ్ళు పోసుకునే స్వాములు, గంగే చ యమునే చైవ అంటూ రేవులో దిగే ముసలాళ్ళు, వాళ్ళ ఉద్దేశం భక్తి, ఊపిరితిత్తులు కాదు, నాకు తెలుసు. మా పెద్దలకి అన్నీ ముందే తెలుసు అని వాట్సాప్ ఫార్వర్డుల్లో రాసినట్టు రాయబోవడం లేదు. కానీ ఆ పెద్దావిడ సున్నాలా చుట్టిన పెదాలు చూసినప్పుడు నాకు మామ్మే గుర్తొచ్చింది, అది మాత్రం నిజం. ఇప్పుడు నేను మెట్ల మీద ఆగి, లోపల్లోపల గోవిందా అని లాగుతూ దిగుతాను. పక్క సీటావిడ అదేం పాట అని అడిగింది, స్నానం పాట అని చెప్పాను, తనూ నేర్చుకుంది, ‘కోవింతా’ అంటుంది.

సరే, స్వామి ప్రశ్నకి జవాబు. నీకు పర్వాలేదు నాకెందుకు వద్దు అంటే, మొదటిది, నేను మూడేళ్ళుగా వారం వారం దిగుతున్నాను, ఆయన ఏడాదిలో 41 రోజులే, మొదటి వారం ఆ ఒంటికి అంతా కొత్త. రెండోది బీపీ. మూడోది, నేను పాదాల నుంచి పైకి తడుస్తాను, తల అసలు ముంచను, ఆయన నిద్రలేచి నేరుగా బిందె ఎత్తి నెత్తి మీద. కాబట్టి డాక్టర్‌ని అడగండి స్వామీ అన్నాను. అడిగారు. గోరువెచ్చని నీళ్ళు పోసుకోమన్నారట. గురుస్వామిని కూడా అడిగారు, ఆయనా ఒంట్లో బాగాలేని స్వాములు కాచిన నీళ్ళు పోసుకుంటే దోషం లేదన్నారట. “ఒంట్లో బాగాలేనివాళ్ళకి అన్నారు మాతా. నాకేమైంది?” అని ఈయన.

రెండు రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత దారి చూపించింది అమ్మ. తొట్టిలో రాత్రంతా ఆరుబయట ఉన్న నీళ్ళు ఎందుకు, నూతిలోంచి అప్పటికప్పుడు తోడుకుంటే సరిపోతుందిగా అంది. భూమి లోపలి నీళ్ళు చలికాలంలో అంతగా చల్లబడవు, ఎండాకాలంలో అంతగా వేడెక్కవు, నూతి నీళ్ళు చలికాలం వెచ్చగా ఉంటాయని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. కాచలేదు కాబట్టి నియమానికి లోటు లేదు. నేను ఇంకో షరతు పెట్టాను, మామ్మ వరస. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, చేతులు, మెడ వెనక, ఆఖర్న తల, ఆ తల మీద పోసుకునేటప్పుడు శరణుఘోష సాగదీసి చెప్పాలి. పొద్దున్న పూట అమ్మ గుమ్మంలో నిలబడి ఉండాలి. వాళ్ళమ్మ పేరు చెప్పాను కాబట్టి కాదనలేకపోయారు.

ఈ శనివారం మళ్ళీ సరస్సు దగ్గరున్నాను. రెండున్నరైంది, చీకటి పడబోతోంది, అక్కడ ఆరు, ఆయన సాయంత్రం స్నానం వేళ. నీళ్ళలోంచి వచ్చి టీ పోసుకుంటుంటే వాయిస్ మెసేజ్ వచ్చింది, గ్లోవ్ పళ్ళతో పీకి నొక్కాను. గిలక కిర్రుమంటోంది, బొక్కెన గట్టుకి తగిలింది, కొన్ని నీళ్ళు రాతి మీద పడ్డ చప్పుడు, ఆగి మళ్ళీ కొన్ని, ఆగి మళ్ళీ. తర్వాత చాలా పొడుగ్గా స్వామియే శరణమయ్యప్పా. చివర్లో తల తుడుచుకుంటూ కాబోలు, గొణుగుడు.

“వెచ్చగా ఉన్నాయి మాతా. ఇందులో ఇంక తపస్సేముంది?”